చిరుతకు భయం నేర్పిన ఫొటోగ్రాఫరు

బస్టాండుకీ కోర్టుకీ మధ్య వీధిలో ఉన్న ఆ స్టూడియోకి ఒక బోర్డు ఉంది కానీ దాన్ని ఎవరూ చదవరు. "నవ్వొద్దు మాస్టారి దగ్గర తీయించుకో" అంటే చాలు, దారినపోయేవాళ్ళు వేలు పెట్టి చూపిస్తారు. పాస్‌పోర్టు ఫొటోలో పళ్ళు కనిపిస్తే ఆఫీసువాళ్ళు తిప్పి కొడతారు. అందుకని ఎవరొచ్చి కుర్చీలో కూర్చున్నా ఆయన చెప్పే మొదటి మాట "నవ్వొద్దు". రెండో మాట "గడ్డం కొంచెం దించండి". మూడో మాట లేదు. ఉద్యోగం వచ్చిన ఆనందంలో ఉన్నవాడికీ, ఉద్యోగం పోయి ఇంకో ఊరికి కాగితాలు పెట్టుకుంటున్నవాడికీ ఇవే రెండు మాటలు.

ఉన్నవి రెండు గదులు. ముందు గదిలో గాజుబల్ల, దాని వెనక ఎత్తు స్టూలు మీద ఆయన భార్య. ప్రింటు తీసిన ఫొటోలను కట్టర్ కింద పెట్టి, అంచులు సమంగా కోసి, కవర్లో వేసి ఇవ్వడం ఆవిడ పని. కోసే ముందు ప్రతి ముఖాన్నీ ఒకసారి పరీక్షగా చూస్తుంది.

"ఏవండీ, ఈయనకి ఒక చెవే పడింది. ఇంకోటి తీయండి. రెండో చెవి ఇక్కడే వదిలేసి వెళ్ళాడనుకుంటారు" అని లోపలి గదిలోకి కేకేస్తుంది. చెవులవాడు కూడా నవ్వుతాడు. లోపల్నుంచి "నవ్వొద్దు" అని వినిపిస్తుంది.

పసిపిల్లల ఫొటోలు తీయడం ఆ వీధిలో ఇంకే స్టూడియోకీ చేతకాదు. తల్లి ఒడిలో కూర్చున్న బిడ్డ లెన్సు వైపు తప్ప లోకంలో అన్ని వైపులా చూస్తుంది. బొమ్మ ఆడిస్తే బొమ్మ వైపు చూస్తుంది. మాస్టారు బొమ్మలు వాడడు. కెమెరా వెనక తల దాచుకుని, నాలుకను అంగిట్లో తాటించి "టొక్" మంటాడు. గట్టిగా కూడా కాదు. సీసా మూత ఊడినంత చప్పుడు. బిడ్డ ఏడుపు మధ్యలో ఆపి, అది ఎక్కడిదా అని సూటిగా గాజులోకి చూస్తుంది. ఆ ఒక్క క్షణం చాలు ఆయనకి.

ఆదివారం స్టూడియో మూసి, పెద్ద లెన్సు సంచి భుజాన వేసుకుని బయటపడేవాడు. వారమంతా కదలని ముఖాలు తీసినవాడికి ఆ రోజు కదిలేవన్నీ కావాలి. వాననీటి గుంటలో తలకిందులుగా నిలబడ్డ బస్సు, మంగలి షాపు ఎదురెదురు అద్దాల్లో ఒకదాని వెనక ఒకటిగా సబ్బు నురగ పూసుకున్న ఒకే ముఖం, చేపల మార్కెట్టు మీంచి చేపను తన్నుకుపోతున్న గద్ద, బస్సు డిపో గోడ వెనక కప్పను సగం మింగి ఆగిన పాము. అన్నిటికన్నా ఆయనకి వేటాడే జంతువులంటే మోజు. వాటి కళ్ళల్లో అనవసరమైనది ఏమీ ఉండదనేవాడు.

పక్క స్టూడియోలు అద్దాల బీరువాలో అందగత్తెల ఫొటోలు పెడితే ఈయన పాముని పెట్టాడు. "ముఖానికి పౌడరు రాసుకుని వచ్చినావిడ ఆ పాముని చూసి వెనక్కి తిరిగిపోయింది. మీ పుణ్యమా అని ఎదుటి స్టూడియోవాడు బాగుపడుతున్నాడు" అనేది భార్య. అన్నదే కానీ ఆ ఫొటో అంచులు సమంగా కోసి, దుమ్ము తుడిచి పెట్టింది ఆవిడే.

చిరుత సంగతి మోసుకొచ్చింది ఆవిడ తమ్ముడు. ఊరి చివర రాళ్ళ క్వారీలో కంకర మిషను నడుపుతాడు.

"ఏం బావా, కప్పలూ పాములూ ఎన్నాళ్ళు తీస్తావు? మా క్వారీ వెనక చిరుత తిరుగుతోంది. గుండె ఉంటే రా."

"నీకు గుండె ఉందా?"

"నాకు మిషను ఉంది. అది మోగుతుంటే దయ్యం కూడా రాదు."

క్వారీలో సగం మాత్రమే ఇప్పుడు తవ్వుతున్నారు. పాత సగం అంతా ముళ్ళపొదలు, మెట్లు మెట్లుగా తెగిన బండలు, అడుగున పచ్చటి నీళ్ళ గొయ్యి. చిరుత ఉండేది అక్కడ. ఆడది. కుడి చెవి పైసగం చిరిగిపోయి ఉంది. మాస్టారు చాలా ఆదివారాలు ఎదుటి బండ మీద బోర్లా పడుకుని దాని కోసం కాచుకున్నాడు. దొరికినవన్నీ తోకలు, తుంటి భాగాలు, పొదలోకి దూరుతున్న వీపు.

"మన పెళ్ళి ఫొటోలూ ఇలాగే వచ్చాయిలెండి, అన్నీ జనం వీపులే" అంది భార్య ఆ ప్రింట్లు చూసి.

ఇంకొకరైతే వీపుతో సరిపెట్టుకునేవారేమో. పాస్‌పోర్టు ఫొటోలు తీసి తీసి ఈయనకి ఒక చాదస్తం పట్టుకుంది. రెండు కళ్ళూ లెన్సులోకి చూడకపోతే అది ఫొటో కాదు. ఒక ఉదయం చిరుత బండ మీద నీరెండలో పడుకుని అటువైపు చూస్తుండగా, ఆయన నాలుక దానంతటదే ఆడింది. టొక్.

చిరుత ఎగిరి పొదలో పడింది. ఆ రోజు మళ్ళీ కనిపించలేదు.

ఆయన మానలేదు. పై ఆదివారం మళ్ళీ అన్నాడు, ఆ పై ఆదివారం కూడా. రాయి పడలేదు, మనిషి మీదికి రాలేదు. ఒట్టి చప్పుడే. కొన్నాళ్ళకి అది పరిగెత్తడం మాని నడిచి వెళ్ళింది. తర్వాత వెళ్ళబోయి ఆగింది. చలికాలం వచ్చేసరికి, టొక్ అనగానే తల తిప్పి, కాళ్ళు ముడుచుకుని కూర్చుని, సూటిగా ఆయన వైపు చూసింది.

ఆ ప్రింటు బయటికొచ్చినప్పుడు భార్య చేతిలో పని ఆపేసింది.

"అమ్మో, నన్నే చూస్తోందండీ."

"చెవులు రెండూ పడ్డాయా?" అన్నాడు ఆయన, గొంతులో గర్వం దాచుకోలేక.

"ఒకటిన్నర" అంది ఆవిడ. కాసేపు చూసి, "ఈ వయసులో నా నెత్తిన సవతిని తెచ్చిపెట్టారు. పైగా నాకన్నా బాగుంది" అంది.

ఆనాటి నుంచి దాని పేరు సవతి. ఆదివారం ఆయన సంచి తీస్తే "వెళ్ళండి, మీ చిన్నావిడ ఎదురు చూస్తుంటుంది" అని సాగనంపేది. బీరువాలోంచి పాము పోయి సవతి వచ్చింది. కోర్టుకి వెళ్ళే వకీళ్ళూ, బస్సు కోసం పరిగెత్తేవాళ్ళూ ఆ అద్దం ముందు ఆగేవారు. ఎటు నిలబడినా మన వైపే చూస్తోందని ఒకరికొకరు చెప్పుకునేవారు.

అటవీశాఖలో కొత్తగా వచ్చిన రేంజరమ్మ కూడా అక్కడే ఆగింది. గుర్తింపు కార్డు కోసం ఫొటో తీయించుకోవడానికి వచ్చిన మనిషి, తీయించుకున్నాక కూడా కదల్లేదు.

"మాస్టారూ, ఇది ఇలా తిన్నగా ఎలా చూసింది?"

ఎవరైనా అడిగితే బాగుండునని ఆయన ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్న ప్రశ్న అది. లెన్సు వెనక తల పెట్టి చేసి చూపించాడు. ఆవిడ నవ్వలేదు.

"అది మీ వైపు చూడకూడదండీ. మనిషి అలికిడి వినగానే పారిపోతేనే దానికి బతుకు. మీరు దానికి ఆగడం నేర్పారు."

"నేనేం తిండి పెట్టలేదు మేడమ్. చెయ్యి ఎత్తలేదు. ఊరికే ఒక చప్పుడు."

"ఆ చప్పుడే మానేయమంటున్నాను."

అలాగేనన్నాడు. జీపు కదలగానే "కుళ్ళు. అడవంతా ఆవిడ చేతిలో ఉన్నా ఇలాంటిది ఒక్కటి చూసి ఉండదు" అన్నాడు.

రేంజరమ్మ ఫొటో అంచులు కోస్తున్న భార్య తలెత్తకుండానే, "ఆవిడ చెప్పిందాంట్లో నిజం ఉందేమో" అంది.

"నీకేం తెలుసు" అన్నాడు ఆయన. తెలుసునని ఆవిడా అనలేదు.

ఆ ఆదివారం ఆయన వెళ్ళాడు. ఒంటరిగా కూడా కాదు, బావమరిదిని వెంటబెట్టుకుని. తన గొప్ప చూపించుకోవాలి కదా. వెనక బండ మీద పడుకున్న బావమరిది, చిరుత తల తిప్పి కూర్చోవడం చూసి నోరు తెరిచాడు. సోమవారం మధ్యాహ్నం అన్నం తినే వేళ తనే వెళ్ళి టొక్ అన్నాడు. అది తల తిప్పింది. మంగళవారం మిషను దగ్గరి పనివాళ్ళందరికీ చూపించాడు. తర్వాత అది ఎవరి చేతుల్లోనూ లేదు. టిప్పర్ లారీ డ్రైవర్లు, వాళ్ళ క్లీనర్లు, వాళ్ళ తాలూకు చుట్టాలు, ఊళ్ళోంచి సైకిళ్ళ మీద వచ్చిన కాలేజీవాళ్ళు, అందరి చేతిలోనూ ఫోన్లు, అందరి నోట్లోనూ టొక్. సవతి పాత సగం వదిలి కంకర కుప్పల దాకా రాసాగింది. పనివాళ్ళు తింటుంటే అల్లంత దూరంలో కూర్చుని చూసేది.

మాస్టారు క్వారీకి పరిగెత్తాడు. "వాళ్ళని ఆపరా" అన్నాడు బావమరిదితో.

"ఎవర్ని ఆపను బావా? అందరికీ నీ పేరే చెప్తున్నారు. నవ్వొద్దు మాస్టారి చిరుత అంటున్నారు."

ఒక టిప్పర్ డ్రైవరు దానికి వీపు తిప్పి నిలబడి, ఫోను ఎత్తి పట్టుకుని, తన ముఖమూ దాని ముఖమూ ఒకే ఫొటోలో పడాలని వెనక్కి వెనక్కి జరిగాడు. మరీ దగ్గరికి వెళ్ళాడు. పంజా దెబ్బకి భుజం చీలిపోయింది. మనిషి బతికాడు కానీ ఆ చెయ్యి మళ్ళీ స్టీరింగు పట్టలేదు.

ఊరు ఒక్క పూటలో మారిపోయింది. బీరువా ముందు ఆగి మురిసిపోయినవాళ్ళే వచ్చి ఆ ఫొటో తీసేయమన్నారు. భార్య మాట్లాడకుండా తీసేసింది. క్వారీలో జనం గునపాలూ ఇనపరాడ్లూ పట్టుకుని చిరుతని తరిమితే, అది వెళ్ళి పాత పంపు షెడ్డులో దూరింది.

మధ్యాహ్నం వేళ రేంజరమ్మ స్టూడియోకి వచ్చింది. మాస్టారు తెల్ల తెర ముందు ఎవరికో గడ్డం దించమని చెబుతున్నాడు.

"కెమెరా వద్దు. మీరొక్కరే రండి" అంది. "షెడ్డులోంచి బయటికి రావడం లేదు. లోపల చీకట్లో మత్తు సూది కొట్టడం కుదరదు. ఇంకాసేపైతే జనం తగలబెట్టేస్తారు. మీరు పిలిస్తే వస్తుంది."

"బతుకుతుందా?"

"నిద్రపోతుంది. అంతవరకు నాది పూచీ."

ఆయన షెడ్డు ఎదురుగా నిలబడ్డాడు. పక్కన మోకాలి మీద పశువుల డాక్టరు, చేతిలో తుపాకీలాంటి గొట్టం. మాస్టారి నోరు ఎండిపోయి చప్పుడు మొదటిసారి సరిగ్గా రాలేదు. రెండోసారి వచ్చింది. కాసేపటికి గడప దగ్గర ఒకటిన్నర చెవులు కనిపించాయి. సవతి బయటికి వచ్చి, కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఆయన వైపు చూసింది. తొడలో సూది దిగబడ్డాక ఒకసారి అటు తిరిగి చూసుకుంది. మళ్ళీ ఆయన వైపే చూస్తూ ఒరిగిపోయింది.

చంపలేదు కాబట్టి అందరూ గండం గడిచిందనుకున్నారు. ఆయనా అనుకున్నాడు. ఏ దూరపు అడవిలోనో వదిలేస్తారు, అక్కడ హాయిగా ఉంటుంది. భార్యకి అలాగే చెప్పాడు కూడా. కానీ పిలిస్తే వచ్చే చిరుతను ఏ అడవిలోనూ వదలరు. ఆ మాట రేంజరమ్మ, దాన్ని ఉంచిన జూ వెనక బోన్ల దగ్గర ఆయన్ని నిలబెట్టి చెప్పింది.

"మా వాళ్ళు డబ్బాలు మోగిస్తే దాక్కుంటోంది. నీళ్ళు కొడితే పారిపోతోంది. అదంతా బాగానే ఉంది. ఆ టొక్ అంటే మాత్రం వచ్చేస్తోంది, ఎవరన్నా సరే. ఆ చప్పుడు ఇవాళ ఊరూరా తెలుసు మాస్టారూ, ఫోన్లలో తిరుగుతోంది. ఇలాగే వదిలితే నెల తిరక్కుండా ఎవరో చంపుతారు. ఆ చప్పుడంటే దానికి భయం పుట్టాలి. నేర్పింది మీరు. మాన్పించాల్సిందీ మీరే."

"ఎలా?"

"పిలవండి. వచ్చాక కొట్టండి."

కొట్టడమంటే నీళ్ళ గొట్టంతో. పొద్దున్నే, స్టూడియో తెరవకముందే వెళ్ళేవాడు. చువ్వల ముందు నిలబడి టొక్ అనాలి. సవతి వెనక గదిలోంచి వచ్చి కూర్చుంటుంది. అప్పుడు కాపలాదారు ఖాళీ రేకు డబ్బాలు బాదుతాడు, ఈయన నీళ్ళు వదలాలి. మొదటి రోజు గొట్టం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"చుట్టపుచూపుకి వచ్చారా ఏంటి? వదలండి సార్!" అని కాపలాదారు అరిచాడు.

వదిలాడు. అది వెనక్కి దుమికి గదిలో దూరింది. మళ్ళీ పిలిచాడు. రాదనుకున్నాడు. ఒళ్ళంతా తడితో, మీసాల నుంచి నీళ్ళు కారుతూ వచ్చి కూర్చుంది.

రోజూ ఇదే తంతు. స్టూడియోకి తిరిగొచ్చి తడిసిన చొక్కాతోనే కెమెరా వెనక నిలబడేవాడు. భార్య అడిగేది.

"ఇవాళ?"

"మళ్ళీ వచ్చింది."

"రాకూడదని కదా మీరు వెళ్ళేది."

"రాకూడదనే."

"రావాలనీ ఉంది కదూ."

ఒకరోజు ఆవిడే వెంట వెళ్ళి చూసింది. ఆయన నోట్లో చప్పుడు బుజ్జగింపులా ఉంది. నీళ్ళు చిరుత మీద కాక ముందున్న నేల మీద పడుతున్నాయి. తిరిగి వస్తుంటే బస్సులో పక్కన కూర్చుని మెల్లగా అంది.

"కట్టర్ సగం నొక్కితే కాగితం తెగదండీ, చిరుగుతుంది. నొక్కితే పూర్తిగా నొక్కండి. లేదా చెయ్యి తీసేయండి. ఇలా రోజూ కొంచెం కొంచెం చింపకండి దాన్ని."

మర్నాడు ఆయన పూర్తిగా నొక్కాడు. ఇద్దరు మనుషుల్ని డబ్బాల దగ్గర పెట్టమన్నాడు. వెనక గది తలుపు దింపించాడు. టొక్ అన్నాడు. సవతి వచ్చి కూర్చుని చూసింది. గొట్టం పూర్తిగా తిప్పి ముఖం మీద కొట్టాడు, కళ్ళ మీద కొట్టాడు. అది వెనక్కి పరిగెత్తి మూసిన తలుపుని గుద్దుకుంది. మళ్ళీ టొక్ అన్నాడు, మళ్ళీ కొట్టాడు. పక్కకి దూకి గోడని గుద్దుకుంది. మూడోసారి పిలిచినప్పుడు అది వచ్చి కూర్చోలేదు. ఎగిరి చువ్వల మీద పడింది. ఇనుమును నోట కరిచి వెనక్కి లాగింది. డబ్బాల హోరులో కూడా పళ్ళ చప్పుడు వినిపించింది. నీళ్ళు ఎర్రగా పారాయి. తలుపు ఎత్తగానే గదిలో మూలకి పోయి పడుకుంది.

ఆ తర్వాత ఆయన ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. పిలుపు వింటే చాలు, గోడలోకి దూరిపోవాలన్నట్టు ముడుచుకుపోయేది.

"నేర్చుకుంది" అన్నాడు ఇంటికొచ్చి. గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. భార్య కట్టర్ వదిలి వచ్చి పక్కన కూర్చుంది. "పోనీలెండి, మిమ్మల్ని మర్చిపోతేనేం. అడవిలో ఉంటుంది" అంది. ఆ మాటతో ఆ పూట ఇద్దరూ అన్నం తిన్నారు.

వదిలేముందు డాక్టరు మత్తిచ్చి నోరు తెరిచి చూశాడు. పైకోరలు రెండూ మొదలంటా విరిగిపోయి ఉన్నాయి. కింద ఒకటి సగానికి పోయింది. డాక్టరు తలెత్తి మాస్టారి కేసి చూశాడు.

"కోరలు లేకపోతే గొంతు పట్టుకోలేదు మాస్టారూ. వేట లేదు దీనికి. వదిలితే ఆకలితో పోతుంది."

రేంజరమ్మ తప్పు ఎవరిదనీ అనలేదు. ఆయన కూడా అడగలేదు. ఇంట్లో మాత్రం భార్య "పూర్తిగా నొక్కమన్నది నేనే" అని ఆ రోజంతా అంటూనే ఉంది.

సవతిని జూలో పెట్టారు. చూసేవాళ్ళకి చూపించడానికే కదా జూ. మనిషంటే హడలిపోయే జంతువుని రోజంతా మనుషుల ముందు పెట్టారు. దానికి మాంసం ముక్కలు కోసి వేస్తారు. వెనక దాక్కోవడానికి ఒక బండ ఉంది కానీ చిన్నది. తోక బయటే ఉండిపోతుంది. వచ్చినవాళ్ళు ఫోన్లు ఎత్తుతారు, అది ముఖం తిప్పదు, అప్పుడు ఎవడో ఒకడు టొక్ అంటాడు. వాడి వెనక పదిమంది అందుకుంటారు. మాస్టారు ఒక ఆదివారం వెళ్ళి చూశాడు. ఆ చప్పుడు వచ్చిన ప్రతిసారీ బండ వెనక అది వణకడం, కింద తడి కావడం చూశాడు. ఆ గుంపులో ఆయనెవరో ఎవరికీ తెలియదు. "అనకండయ్యా" అన్నాడు. "నీకెందుకు పెద్దాయనా, జరుగు" అన్నారు.

రేంజరమ్మ దగ్గరికి వెళ్ళి, బోను ముందువైపు మూసేయమని బతిమాలాడు.

"దానికి పైనుంచి అనుమతి రావాలి. ఏడాది పడుతుంది, వస్తే" అంది ఆవిడ. గుమ్మం దాకా వెంట వచ్చి, "మీరు ఏదైనా కట్టుకుంటే కట్టుకోండి. నేను ఆ వైపు రాను" అంది.

బావమరిది క్వారీలో దుమ్ముకి అడ్డం కట్టే పచ్చ గుడ్డ తెచ్చాడు. ముగ్గురూ పొద్దున్నే, గేటు తెరిచిన వెంటనే వెళ్ళారు. బావమరిది మేకులూ సుత్తీ తీస్తే మాస్టారు చెయ్యి పట్టుకుని ఆపాడు. చప్పుడవుతుంది. తాళ్ళతో కట్టడం మొదలుపెట్టారు. బావమరిది నిచ్చెన మీద, మాస్టారు కింద, భార్య గుడ్డని బిగించి లాగుతూ. గుడ్డ వెనక ఒక్కసారి ఏదో కదిలిన అలికిడైంది. ఆయన ముడి వేస్తున్న చెయ్యి ఆగింది. తల ఎత్తలేదు. మళ్ళీ ముడి వేశాడు.

చివరి అంచు కడుతుండగా భార్యాభర్తలిద్దరు ఒక బిడ్డనెత్తుకుని అటుగా వచ్చారు. ఆ పిల్ల తల్లి గుడ్డ కేసి చూసి అడిగింది.

"లోపలేముందండీ?"

మాస్టారు తాడు బిగిస్తూనే ఉన్నాడు. ఆయన భార్య పమిట చెంగుతో చేతులు తుడుచుకుంది.

"ఏం లేదమ్మా, ఖాళీ. అటు వెళ్ళండి, అక్కడ కోతులున్నాయి."